మాంసంలో గోధుమ కలిపిందెవరు?

పచ్చి మాంసంలో గ్లూటెన్ ఉండదు. మేకలో లేదు, కోడిలో లేదు, పందిలో లేదు, చేపలో లేదు. పశువుకు గోధుమలు దాణాగా పెట్టినా, బార్లీ మేపినా అది కండలోకి గ్లూటెన్‌గా వచ్చి చేరదు. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో ఉండే ప్రోటీన్ అది. కండతో దానికి ఏ చుట్టరికమూ లేదు. కాబట్టి సీలియాక్ జబ్బున్న మనిషి నిశ్చింతగా కొనుక్కోగలిగిన సరుకేదైనా ఉందంటే ముందుగా మాంసమే అయ్యుండాలి. కానీ అమెరికాలో సూపర్‌మార్కెట్ మాంసం కౌంటర్ ముందు నిలబడితే ఆ మనిషికి పట్టుకునేది భయం. ఆ భయాన్ని మేక తేలేదు, కోడి తేలేదు. కొట్టువాళ్లు తెచ్చిపెట్టారు. తెచ్చిపెట్టి, "చూసుకుని కొనుక్కోండి" అని మనకే సుద్దులు చెబుతున్నారు. నా గొడవ అదీ.

మేముండేది మధ్య న్యూజెర్సీలో. ఇక్కడ ఏ పెద్ద కొట్టుకు వెళ్లినా ఆ అద్దాల పెట్టె ఒకే తీరుగా ఉంటుంది. ఒక స్టీలు ట్రేలో తోలు తీసిన కోడి రొమ్ముముక్కలు. దాని పక్కనే, పచ్చటి ప్లాస్టిక్ ఆకుల పట్టీ ఒకటి అడ్డం పెట్టి, బ్రెడ్ పొడిలో దొర్లించిన కట్లెట్లు. ఆ పట్టీ బెత్తెడు ఎత్తు కూడా ఉండదు. అందం కోసం పెట్టారు తప్ప ఆపడానికి కాదు. దాని తరవాత పాలకూర, చీజు, రొట్టె ముక్కలు కూరి దారంతో కట్టిన కోడి. సోయా సాస్‌లో నానేసి పుల్లలకు గుచ్చిన గొడ్డు మాంసం. మామూలు సోయా సాస్‌లో సోయా చిక్కుళ్లతో పాటు గోధుమలు కూడా పులియబెడతారన్న సంగతి కొనేవాళ్లలో చాలామందికి తెలియదు. ఆ పక్కన రొట్టె పొడి కలిపి చుట్టిన కీమా ఉండలు. చివర్లో పీత అని పేరు పెట్టి అమ్మే, పీత కాని కర్రలు. చేప గుజ్జులో పిండి కలిపి రంగేసినవి, ఆ పిండి చాలాసార్లు గోధుమదే. వీటన్నిటికీ కలిపి ఒకటే తక్కెడ, ఒకటే కొయ్య, ఒకటే జత చేతి తొడుగులు. కుర్రాడు రెండు కట్లెట్లు తీసి తూచి, కాయితంలో చుట్టి ఇచ్చి, అదే చేత్తో మీ కోడి ముక్క అందుకుంటాడు. తొడుగు వేళ్ల సందుల్లో బ్రెడ్ పొడి అంటుకుని మీ కళ్లకే కనిపిస్తుంటుంది.

ఈ పిండి వంటల బజారు మాంసం కౌంటర్లోకి ఎందుకొచ్చింది? ఉత్త కోడి ముక్క మీద మిగిలేది తక్కువ. దానికి రొట్టె పొడి పూసి, నాలుగు ఆకులు కూరి, ఓ ఫ్రెంచి పేరో ఇటాలియన్ పేరో తగిలిస్తే ధర పెరుగుతుంది, అమ్ముడుపోక మిగిలిన ముక్కకూ దారి దొరుకుతుంది. రొట్టె పొడిని కోడి ధరకు అమ్ముకోవడం ఇది. వ్యాపారం చేసుకోవద్దని నేననను. పనికెళ్లి అలిసొచ్చినవాళ్లకు ఓవెన్లో పెట్టుకుంటే చాలన్న తిండి కావాలి, అమ్ముకోండి. కానీ ఆ లాభం కోసం ఉత్త మాంసాన్ని కూడా చెడగొట్టి, చెడిందని ఒక్క ముక్క చెప్పకుండా, దాన్ని ఉత్త మాంసంగానే అమ్మడం ఏ ధర్మం?

"కొంచెం పొడికి ఇంత రాద్ధాంతమా?" అనేవాళ్లు ఈ జబ్బు గురించి తెలుసుకోవాలి. సీలియాక్ అంటే గోధుమ పడకపోవడం కాదు, తిన్నాక కడుపు ఉబ్బడం అసలే కాదు. గ్లూటెన్ లోపలికి వెళ్లగానే శరీరం తన చిన్నపేగు మీద తానే దాడికి దిగుతుంది. ఆహారంలోని సారాన్ని పీల్చుకోవాల్సిన సన్నటి వేళ్లలాంటి పొర చదునైపోతుంది. అది చదునైతే ఇనుము ఒంటికి పట్టదు, కాల్షియం పట్టదు; పిల్లలు ఎదగరు, పెద్దవాళ్ల ఎముకలు గుల్లబారతాయి. ఎంతోమందికి కడుపునొప్పి కూడా రాదు, లోపల నాశనం మాత్రం సాగుతూనే ఉంటుంది. దీనికి మాత్ర లేదు, సూది లేదు. జీవితాంతం గ్లూటెన్ మానెయ్యడం ఒక్కటే వైద్యం. డచ్చి పిల్లల వైద్యుడు విల్లెం కారెల్ డికే దీని మూలం గోధుమ అని అనుమానించాడు. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్ ఆకలితో అల్లాడి, రొట్టె దొరకని రోజుల్లో ఆ అనుమానం మరింత బలపడింది. 1950లో తన పరిశోధన గ్రంథంలో రుజువులతో రాశాడు. అంటే విషయం తెలిసి డెబ్బై అయిదేళ్లయింది. మాంసం కౌంటర్‌కు ఆ కబురు ఇంకా అందలేదు.

ఎంత గ్లూటెన్ చేటు చేస్తుందో కూడా తెలుసు. 2007లో ఇటలీలో కార్లో కటాస్సీ బృందం, జబ్బు అదుపులో ఉన్న పెద్దవాళ్లకు రోజూ 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మాత్రగా మూడు నెలలు ఇచ్చి చూసింది. పేగు దెబ్బతింది. రోజుకు 10 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే చాలామందికి ఫరవాలేదన్నది ఇప్పుడు వైద్యులు సాధారణంగా చెప్పే మాట. ఒక గ్రాము మైదాలో దాదాపు 80 మిల్లీగ్రాముల గ్లూటెన్ ఉంటుంది. లెక్క మీరే కట్టండి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి పట్టే చిటికెడులో సగం చాలు, ఆ రోజు హద్దు దాటడానికి. మాంసం కొట్టు కుర్రాడి తొడుగుకు అంతకంటే ఎక్కువే అంటుకుని ఉంటుంది. రొట్టె పొడిని ఎవరూ చెంచాతో కొలిచి మీ మాంసం మీద చల్లనక్కర్లేదు.

"ఇంట్లో ఎలాగూ ఉడకబెడతారుగా" అన్నాడు ఒక మేనేజరు నాతో. ఉడికిస్తే చావడానికి అది క్రిమి కాదు. ప్రెజర్ కుక్కర్లో పది కూతలు వేయించినా గ్లూటెన్ గ్లూటెన్‌గానే ఉంటుంది. అదే మనిషి గర్వంగా ఒక స్ప్రే సీసా చూపించాడు: "ప్రతి గంటకూ కొట్టి తుడుస్తాం." ఆ మందు పని బాక్టీరియాను చంపడం. గ్లూటెన్‌కు ప్రాణం ఉంటే కదా చంపడానికి! దాన్ని సబ్బు నీళ్లతో రుద్ది, కడిగి, శుభ్రమైన బట్టతో తుడిచి తీసెయ్యాలి. బట్ట ఒకటే అయి, కట్లెట్ల ట్రే తుడిచిన బట్టతోనే మన కొయ్య తుడిస్తే, వాళ్లు చేసిన శుభ్రమే మనకు విషం పూసిపెడుతుంది. పైగా, ఇంటికెళ్లి మాంసం కడుక్కోండని సలహా. పచ్చి కోడిని కుళాయి కింద కడగొద్దని, ఆ చిందులతో సింకంతా క్రిములు పాకుతాయని అమెరికా వ్యవసాయ శాఖే ఏళ్లుగా మొత్తుకుంటోంది. మన ఇళ్లల్లో ఉప్పూ పసుపూ వేసి మూడుసార్లు కడిగితే తప్ప తృప్తి ఉండదనుకోండి, అది వేరే తగాదా. ఎంత కడిగినా కీమాలో కలిసిపోయిన పొడి మాత్రం రాదు.

ఇక కీమా మిషను దగ్గరికి రండి. నాకు అన్నిటికంటే మండిపోయేది అక్కడే. పైన తొట్టి. దాని కింద గొట్టంలో మరమేకులా మెలితిరిగిన ఇనుప కడ్డీ, మాంసాన్ని ముందుకు నెడుతుంది. చివర రెక్కల కత్తి, దాని ముందు చిల్లుల పళ్లెం. పని ఆగాక కూడా ఆ మెలికల సందుల్లో, చిల్లుల్లో మాంసం ఇరుక్కునే ఉంటుంది. తరవాత వేసింది దాన్ని తోసుకుంటూ బయటికొస్తుంది. పొద్దున రొట్టె పొడి కలిపిన ఉండల ముద్ద ఆ మిషనులో ఆడించి, తరవాత ఉత్త గొడ్డు కీమా ఆడిస్తే, ముందుగా వచ్చే పొట్లం ఎవరి చేతిలో పడుతుందో వాళ్ల కర్మ. ఆ పొట్లం మీద చీటీలో ఉండేది ఒక్క మాట: గొడ్డు మాంసం. అది పూర్తిగా నిజం కాదు, అబద్ధమని నిరూపించడానికీ ఎవరి దగ్గరా ఆధారం ఉండదు.

మధ్యలో కడగరా అంటే, నియమాలు ఎవరిని దృష్టిలో పెట్టుకుని రాశారో చూడండి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ రాష్ట్రాలకు నమూనాగా ఇచ్చిన ఫుడ్ కోడ్ ప్రకారం, ఒక రకం పచ్చి మాంసం నుంచి మరో రకానికి మారేటప్పుడు పరికరాలు కడగాలి. మామూలు గది వేడిలో వాడే పరికరాలను 4 గంటలకోసారి కడగాలి. ఆ గడియారం క్రిముల కోసం తిప్పింది. రొట్టె పొడి కలిపిన గొడ్డు మాంసం తరవాత ఉత్త గొడ్డు మాంసం వేస్తే జంతువు మారలేదు కదా! గొడ్డు తరవాత గొడ్డే. నియమం దృష్టిలో అక్కడ ఏమీ జరగలేదు. పేగుకు మాత్రం జరిగింది.

కొట్టువాళ్లు వేరుగా ఉంచలేరా అంటే, ఉంచగలరు. ఆర్గానిక్ ముద్ర ఉన్న మాంసాన్ని మామూలు మాంసంతో కలవనివ్వకూడదని ఫెడరల్ నియమం ఉంది. ధ్రువపత్రం అక్కర్లేదని మినహాయించిన చిల్లర కొట్లకు కూడా ఆ నియమం వర్తిస్తుంది. కాబట్టి ఆర్గానిక్ కీమా ఆడించాలంటే ముందు మిషను కడగాలి, లేదా రోజులో మొదట దాన్నే ఆడించాలి. అంటే ఈ విద్య వాళ్లకు తెలుసు. ఎక్కువ ధర పలికే ముద్ర కోసం చేస్తారు. అమెరికాలో నూటికి ఒకరికి ఉన్న జబ్బు కోసం చెయ్యరు. అడిగితే "ఆచరణలో కష్టమండీ" అంటారు. అదే మిషను, అదే కుర్రాడు, అదే కుళాయి. కష్టం ఎక్కడొచ్చింది?

చట్టం సంగతి మరీ వింత. 2004లో అమెరికాలో వచ్చిన అలర్జీ చట్టం ప్రకారం, 2006 నుంచి పొట్లంలో గోధుమ ఉంటే పైన గోధుమ అని రాయాల్సిందే. కానీ ఆ చట్టం ఎఫ్‌డీఏ కిందికి వచ్చే సరుకులకే. మాంసం, కోళ్లు వ్యవసాయ శాఖ కింద ఉంటాయి. ఆ శాఖ "దయచేసి రాయండి" అని ప్రోత్సహిస్తుంది. చాలా కంపెనీలు రాస్తున్నాయి కూడా, కాదనను. కానీ సాసేజీ చుట్ట మీద ఉత్తగా "స్టార్చ్" అని కనిపిస్తే, అది మొక్కజొన్నదా గోధుమదా అన్నది కంపెనీ మంచితనం మీద ఆధారపడిన విషయం. పైగా చట్టం పేరు పెట్టిన అలర్జీ సరుకుల్లో బార్లీ లేదు. 2023 నుంచి నువ్వులు కూడా చేరాయి, బార్లీ చేరలేదు. 20 పీపీఎం (పది లక్షల పాళ్లలో 20) లోపు ఉంటేనే గ్లూటెన్ ఫ్రీ అని రాసుకోవాలన్న నియమం 2013లో ప్రకటించి 2014 ఆగస్టు నుంచి అమల్లో పెట్టారు, బాగానే ఉంది. అది రాసుకున్నవాడికి మాత్రమే హద్దు. కౌంటర్ వెనక రాయనివాడికి ఏ హద్దూ లేదు. కొట్టులో తయారుచేసి అక్కడే అమ్మే మాంసం వంటకాల మీద ఫెడరల్ ఇన్‌స్పెక్టర్ల రోజువారీ తనిఖీ ఉండదు, స్థానిక ఆరోగ్య శాఖ చూసుకోవాలి. స్థానిక ఆరోగ్య శాఖవాళ్లు వచ్చి మాంసం ఎంత చల్లగా ఉందో కొలుస్తారు, ఎలకలు తిరుగుతున్నాయేమో చూస్తారు, వెళ్లిపోతారు. ఎఫ్‌డీఏను అడిగితే మాంసం మాది కాదంటుంది, వ్యవసాయ శాఖను అడిగితే కొట్టు మాది కాదంటుంది, స్థానిక ఆరోగ్య శాఖను అడిగితే పొట్లం మీది రాత మాది కాదంటుంది. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం.

యూరప్‌లో 2014 డిసెంబరు నుంచి విడిగా తూచి అమ్మే తిండికి కూడా అలర్జీ సమాచారం ఇచ్చి తీరాలి. అక్కడ జాబితాలో ఉన్నది ఒక్క గోధుమ కాదు, గ్లూటెన్ ఉన్న ధాన్యాలన్నీ. 2022 ఫుడ్ కోడ్‌లో ఇక్కడా అలాంటిదే పెట్టారు, పొట్లం కట్టని తిండిలో ఉన్న ముఖ్యమైన అలర్జీ సరుకులను రాతపూర్వకంగా చెప్పాలని. రాష్ట్రాలు ఎప్పుడు స్వీకరిస్తే అప్పుడు. ఆ రోజొచ్చినా కట్లెట్ల మీద "గోధుమ ఉంది" అని చీటీ పెడతారు. కట్లెట్ల పక్కనున్న కోడి ముక్క మీద ఏం రాస్తారు? అక్కడ కదా మాలాంటివాళ్లం చెయ్యి పెట్టేది!

ఇన్ని శాఖలూ ఇంత సొమ్మూ ఉన్న వ్యవస్థ తన బరువంతా తెచ్చి చివరికి ఎవరి నెత్తిన పెట్టింది? కౌంటర్ ముందున్న రోగి మీద, కౌంటర్ వెనకున్న కుర్రాడి మీద. శనివారం సాయంత్రం, వెనక అయిదారుగురు చీటీలు పట్టుకుని నిలబడ్డారు. నేను అడగాలి: "బాబూ, తొడుగులు మారుస్తావా? కొత్త కత్తి తీస్తావా? ఆ తక్కెడ మీద కొత్త కాయితం వేస్తావా? ముందు ట్రేలోది వద్దు, లోపల సీలు తియ్యని పెట్టెలోంచి ఇస్తావా?" వెనకనుంచి నిట్టూర్పులు. సీలియాక్ ఉన్న మా అమ్మాయి తల వంచుకుని ఫోనులోకి దూరిపోతుంది. తన జబ్బును నలుగురిలో అమ్మ అరిచి చెబుతోందని ఆ పిల్ల బాధ. పాపం ఆ కుర్రాళ్లలో ఎక్కువమంది మంచివాళ్లే. తొడుగులు మారుస్తారు. మార్చిన తొడుగుతోనే కట్లెట్ల పెట్టె తలుపు పిడి పట్టుకుని తెరుస్తారు. వాళ్లకెవరూ నేర్పలేదు. కొట్టులో తక్కువ జీతగాళ్లలో ఒకడి చేతిలో నా కూతురి పేగును పెట్టి, పైనున్నవాళ్లు చేతులు దులుపుకున్నారు.

మధ్యలో ఫ్యాషన్ కోసం గ్లూటెన్ మానేసిన మహానుభావులు ఉన్నారు. సోమవారం మానేస్తారు, శుక్రవారం పిజ్జా తింటారు. కౌంటర్లో గ్లూటెన్ లేకుండా కావాలని హడావుడి చేసి, పోతూ పోతూ బేకరీ దగ్గర క్రొసాన్ కొనుక్కుంటారు. కుర్రాడు అది చూస్తాడు. తరవాత నేను వెళ్లి అడిగితే నన్నూ ఆ జాబితాలోనే వేస్తాడు. తిండి మీ ఇష్టం, మానండి, తినండి; కానీ దాన్ని జబ్బు పేరుతో అడగకండి.

మన కొట్ల సంగతి కూడా చెప్పుకుందాం. ఇక్కడ తెలుగువాళ్లు మేక మాంసానికి వెళ్లేది ఎక్కువగా హలాల్ కొట్లకే. గడ్డకట్టిన మేకను రంపపు మిషను మీద కర్రీ కట్‌గా కోసి ఇస్తారు. ఒకప్పుడు ఆ కొట్లలో మేక, గొర్రె, కోడి తప్ప మరేమీ ఉండేవి కావు. తళతళలాడే అమెరికన్ కౌంటర్ కంటే ఆ చీకటి కొట్టే సీలియాక్ మనిషికి క్షేమంగా ఉండేది. ఇప్పుడు అక్కడా ట్రేలు వచ్చాయి: ఎర్రగా చికెన్ 65, తందూరి, సీఖ్ కబాబుకు కలిపిపెట్టిన కీమా. మేం వెళ్లే కొట్టు ఆయన హైదరాబాదీ. అడిగాను, "భాయ్, సీఖ్ కబాబులో ఏం కలుపుతారు?"

"మసాలా అక్కా. సాఫ్ మాల్."

"విడిపోకుండా ఏం వేస్తారు?"

ఒక్క క్షణం ఆగాడు. "కొంచెం బ్రెడ్. అందరూ వేస్తరు."

"ఆ కీమా, నాకిచ్చే కీమా ఒకటే మిషనా?"

"ఒకటే. అయితే పొద్దుగాల పదింటికి రా అక్కా, మిషను కడిగి ఉంటది, ముందు నీదే ఆడిస్త. కబాబుది మధ్యాహ్నం చేసుకుంట."

చూశారా? ఏ చట్టం చెప్పలేదు, ఏ కన్సల్టెంటూ రాలేదు. ఒక్క ప్రశ్నకు పని వరస మార్చి చూపించాడు. దేశమంతా వేలాది కొట్లున్న కంపెనీలకు చేతకానిది ఒక చిన్న కొట్టు మనిషికి చేతనైంది. అయితే ఇది నా ఒక్కదాని కోసం, అది కూడా ఆయన దయ వల్ల. ఆయన ఊరెళ్తే కౌంటర్లో ఇంకొకరుంటారు. దయ మీద ఆధారపడి ఎంతకాలం తినమంటారు?

హైదరాబాదులోనూ, విజయవాడలోనూ ఇప్పటికీ చింత మొద్దు మీద మాంసం కొట్టే దుకాణాలున్నాయి. ఆ మొద్దు మీద పడేది మాంసం తప్ప మరొకటి కాదు. ఈగలున్నాయి, నిజమే, ఆ లోపం నేను కప్పిపుచ్చను. కానీ గ్లూటెన్ మాత్రం లేదు. దాని పక్కనే ఇప్పుడు ఏసీ కొట్లు వచ్చాయి, మసాలా పట్టించి పొట్లాలు కట్టిన మాంసం వచ్చింది, నగ్గెట్లు వచ్చాయి. ఇక్కడ జరిగిన తప్పే అక్కడా జరగబోతోంది. మనవాళ్లలో ఎవరికీ పట్టదు, ఎందుకంటే "మనది అన్నం తినే జాతి, ఆ జబ్బు మనకెక్కడిది" అన్న ధీమా. మొన్న ఫోన్లో మా బాబాయి కూడా అదే అన్నాడు. 2016లో వెలువడిన అధ్యయనంలో సీలియాక్ ఉత్తర భారతంలో 1.23 శాతం, దక్షిణాన 0.10 శాతం అని తేలిన మాట నిజమే. అదే అధ్యయనంలో ఇంకొకటి కూడా తేలింది: ఆ జబ్బుకు తావిచ్చే జన్యువులు అన్ని ప్రాంతాల్లోనూ దాదాపు మూడోవంతు మందికి, అటూ ఇటుగా ఒకేలా ఉన్నాయి. భారీ తేడా ఉన్నది తినే గోధుమలో. జన్యువు మన ఒంట్లోనూ ఉంది. రాత్రి పూట చపాతీ, పొద్దున బ్రెడ్డు, సాయంత్రం పిజ్జా తినడం మొదలెట్టిన ఇళ్లల్లో ఆ ధీమా ఎన్నాళ్లుంటుంది?

ఇంతకీ ఏం కొనాలి అని అడిగేవాళ్లుంటారు. చెబుతాను, కానీ ఈ పాఠం చెప్పాల్సింది కొట్టువాళ్లు. ఫ్యాక్టరీలోనే సీలు వేసి వచ్చిన పొట్లం కొనండి, కొట్టులో పొట్లం కట్టింది వదిలెయ్యండి. చీటీ మీద కొట్టు పేరు, అదే రోజు తేదీ అచ్చయి ఉంటే సాధారణంగా అది అక్కడ కట్టిందే. కీమా కంటే ముక్క నయం. ముక్క కొని ఇంట్లో ఆడించుకోండి. మసాలా పట్టించినవి వద్దు. "ఇంత శాతం ద్రావణం కలిపాం" అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటే ఆ ద్రావణంలో ఏముందో చదివాకే బండిలో వెయ్యండి. థాంక్స్‌గివింగ్ టర్కీ లోపల గ్రేవీ పొట్లం పెడతారు, అది చాలాసార్లు మైదాతో చిక్కబరిచిందే. టర్కీ మంచిదే అయినా ఆ పొట్లం లోపలే చిరిగితే మొత్తం పోయినట్టే. గ్రిల్లులో గిరగిరా తిరిగే కోళ్లను కూడా, మసాలాలో ఏముందో, వేపుడు కోళ్లు ముట్టుకున్న పటకారుతోనే తీస్తున్నారో లేదో తేలకుండా ముట్టుకోవద్దు. డెలిలో పలచగా కోసే మిషను సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇదంతా పాటించాక కొట్టులో మాంసం విభాగంలో మనకు మిగిలేది ఒక అల్మారా. అద్దాల పెట్టె మొత్తం మిగతా ప్రపంచానిది.

నేను అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. రొట్టె పొడి తగిలిన సరుకంతా మూత ఉన్న పెట్టెలో, కింది వరసలో, వేరే మూలన పెట్టండి. దానికి వేరే రంగు పటకారు, వేరే కొయ్య. కీమా పొద్దున మొదట ఉత్తది ఆడించండి, కలిపింది చివర్న ఆడించి కడగండి. కౌంటర్ మీద ఒక కాయితం అంటించండి: ఇక్కడ గోధుమ వాడతాం, ఇన్నింటి నుంచి ఇన్నింటి దాకా ఉత్త మాంసమే కోస్తాం. ఖర్చు ఎంత? కొయ్యలు, పటకార్లు, ఓ రెండు పెట్టెలు. రెండో మిషను కొననక్కర్లేదు, వరస మారిస్తే చాలు. హైదరాబాదీ భాయ్ ఉచితంగా చేసి చూపించాడు. దీనికి చట్టం వచ్చేదాకా ఆగుతామంటారా, సరే, చట్టం కోసం కూడా అరుద్దాం. వ్యవసాయ శాఖ సరుకుల మీద గోధుమా బార్లీ పేర్లు తప్పనిసరి చెయ్యమని, కొట్టు తనిఖీ పత్రంలో "పిండి తగిలిన సరుకు ఎక్కడ తయారవుతుంది, మిషను ఎప్పుడు కడుగుతారు" అన్న రెండు ప్రశ్నలు చేర్చమని. వచ్చిపోయే ఇన్‌స్పెక్టరు చేతిలో థర్మామీటరు ఎలాగూ ఉంది. ఆ రెండు ప్రశ్నలకు నిమిషం పట్టదు.

సీలియాక్ ఉన్న తెలుగువాళ్లకు, వాళ్ల అమ్మానాన్నలకు ఒక మాట. కౌంటర్లో కుర్రాణ్ని సతాయించడం ఆపండి. అతనితో మర్యాదగా మాట్లాడి, మాంసం కొనకుండా పక్కకొచ్చి, మేనేజరును పిలిపించండి. పైన చెప్పిన రెండు ప్రశ్నలే అడగండి. జవాబు కాయితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనండి. ఇవ్వడు. ఇవ్వనందుకు కారణం కూడా రాసిమ్మని అడగండి. మరుసటి శనివారం, కొట్టు కిటకిటలాడుతున్న వేళ, మళ్లీ వెళ్లి అడగండి.